పన్నెండో గుండుసూది

మా కోడలు చిన్నపిల్లల గౌన్లు కుడుతుంది. ఫోనులో పెట్టి అమ్మడానికి వాటి ఫోటోలు నేను తీస్తాను. మూల పగిలిన ఫోను, ఒక కిటికీ, తెల్ల దుప్పటి, ఏదో పెట్టెలో వచ్చిన థర్మోకోల్ అట్ట, ఇంతే మా స్టూడియో. కిటికీ వెలుగు ఒక పక్కే పడుతుంది. రెండో పక్క అట్ట నిలబెడితే నీడ తగ్గుతుంది. గౌను తొడగడానికి బొమ్మ లేదు. దిండును చుట్టి తాడుతో కట్టి దానికే తొడుగుతాం. దిండుకు భుజాలుండవు, నడుముండదు. గౌను గోతంలా వేలాడుతుంది. అందుకని వెనక గుడ్డ లాగి గుండుసూదులు గుచ్చుతాం. ముందు నుంచి చూస్తే కొలతలిచ్చి కుట్టించినట్టే ఉంటుంది.

డబ్బీలో సూదులు పన్నెండు. పని అయ్యాక పన్నెండూ మళ్ళీ డబ్బీలో పడాలి. ఆ బాధ్యత నాది.

ఆ రోజు పదకొండు గంటలప్పుడు కోడలు మిషను కింద వెతుకుతూ అడిగింది.

"అత్తయ్యా, ఇక్కడ నా గుండుసూది ఒకటి పడింది. చూశారా?"

"నిన్న చాప మీద దొరికితే డబ్బీలో వేశాను. పదకొండే ఉన్నాయేంటా అనుకున్నా. దాంతో పన్నెండు సరిపోయాయి."

కోడలు తలెత్తి నన్ను చూసింది. నాకంటే ముందు తనకే అర్థమైంది.

"అది మీ పన్నెండులోది కాదు అత్తయ్యా. నాది. మరి మీ పన్నెండోది?"

నిన్న ఫోటోలు తీసినవి ఆరు గౌన్లు. ఐదు ఇంట్లోనే ఉన్నాయి. ఇద్దరం వాటిని తిరగేసి, ప్రతి మడతా నలిపి చూశాం. ఏమీ లేదు. ఆరోది పసుపు గౌను. ఏడాదిన్నర పిల్లకి. కొన్నావిడ నిన్న సాయంత్రమే మనిషిని పంపి తెప్పించుకుంది.

కోడలు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది.

"ఎత్తట్లేదు."

"మళ్ళీ చెయ్యి."

మళ్ళీ మోగి ఆగిపోయింది. నేను ఫోను లాక్కుని పసుపు గౌను ఫోటో తెరిచి, వేళ్ళతో పెద్దది చేశాను. నడుము దగ్గర ఎడం పక్క కుచ్చు మిగతా వాటికంటే పైకి నిలబడి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ కుచ్చు ఎంతకీ నిలవకపోతే లోపల్నుంచి, లైనింగుకీ గుడ్డకీ మధ్య ఒక సూది గుచ్చాను. వెనకవి అన్నీ తీశాను. దాన్ని మరిచాను.

"నువ్వు చేస్తూనే ఉండు. నేను వెళ్తా," అన్నాను.

నోటుపుస్తకంలోనూ ప్యాకెట్ల మీదా అడ్రసులు రాసేది నేనే. మా ఆయన పోయాక, యాభై ఆరేళ్ళ వయసులో దిద్దుకున్న అక్షరాలవి. ఆ రోజు నోటుపుస్తకంలో నా అక్షరాలే నాకు అల్లుకుపోయి కనిపించాయి. ఇంటి నంబరు ఆటో అతనికి రెండుసార్లు తప్పు చెప్పాను.

"రైలేమైనా తప్పిపోతోందా పెద్దమ్మా?"

"తొందరగా పోనియ్ నాయనా."

"పోనిస్తూనే ఉన్నా. దీనికి రెక్కల్లేవు మరి."

వేరే రోజైతే నేనూ ఒకటి అనేదాన్ని. ఆ రోజు నా కళ్ళ ముందు ఒకటే కదులుతోంది. పిల్లని ఎవరైనా ఎత్తుకుంటే చెయ్యి సరిగ్గా ఆ నడుము దగ్గరే పడుతుంది. సూది మొన బయటికి పెట్టానా, ఒంటి వైపు పెట్టానా? ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. పిల్ల బోర్లా పడుకుంటే? సూది ఊడి నేల మీద పడి, నోట్లో పెట్టుకుంటే?

రెండో అంతస్తు. తలుపు తీసింది ఒక ముసలావిడ.

"గౌను కుట్టింది మేమే అమ్మా. పాప వేసుకుందా?"

"పొద్దున్నే వేశాం. బాగుందని చెప్పించుకోడానికి మెట్లెక్కి వచ్చావా?"

వెనక ఆవిడ కోడలు కాబోలు, ఒకమ్మాయి పిల్లని చంకనేసుకుని అటూ ఇటూ తిప్పుతోంది. పిల్ల గొంతు బొంగురుపోయేలా ఏడుస్తూ వెనక్కి వాలిపోతోంది.

"ఫోన్ చేశాం తల్లీ..."

"దీని ఏడుపులో ఫోనెక్కడ వినిపిస్తుందండీ!"

"చెయ్యి బిగించకు. కదలకు. గౌనులో సూది ఉంది."

ఆ అమ్మాయి మొహంలో నెత్తురు చుక్క లేదు. నిలుచున్న చోటే నిలుచుండిపోయింది. నేను లోపలికి వెళ్ళి కుచ్చు కింద చెయ్యి దూర్చాను. పిల్ల మెలికలు తిరుగుతోంది.

"అదుగో కాకి! బుజ్జమ్మా, కాకి చూడు," ముసలావిడ కిటికీ దగ్గర చప్పట్లు కొట్టింది. పిల్ల ఒక్క క్షణం అటు తిరిగింది. నా వేలికి సూది తల తగిలింది. పట్టుకుని మెల్లగా లాగేశాను.

గౌను ఎత్తి చూస్తే నడుము మీద మూడు ఎర్రటి చుక్కలు, వెంట్రుకంత గీత.

"పొద్దున్నుంచీ ఎత్తుకుంటే చాలు ఏడుస్తోంది," అంది ఆ అమ్మాయి. "మారాం అనుకున్నా. ఒక దెబ్బ కూడా వేశానండీ."

"తప్పు నాది తల్లీ," అన్నాను. ఆమె విన్నట్టు లేదు.

లోపల ఫోన్ మోగింది. ముసలావిడ వెళ్ళి తీసింది. "మీ అత్తగారు ఇక్కడే ఉంది. దొరికింది. ఆ, దొరికింది," అని పెట్టేసింది.

"ఇంకా ఉన్నాయా?" అడిగింది పిల్ల తల్లి.

"లేవు. ఒక్కటే."

"లెక్కపెట్టారా?"

నిన్నా లెక్కపెట్టాను.

ఆమె పిల్ల గౌను విప్పి నేల మీద పరిచింది. నేనూ ఎదురుగా కూర్చున్నాను. పిల్ల బట్టల్లేకుండా, ఏడుపు మరిచి, మా చుట్టూ తిరుగుతోంది. మెడ దగ్గర మొదలుపెట్టి ఆమె కుడి పక్క, నేను ఎడమ పక్క, కుట్టు కుట్టూ వేళ్ళ మధ్య నొక్కుకుంటూ అంచు దాకా వచ్చాం. ఏమీ లేదు. నా వైపు చూడకుండానే ఆమె మళ్ళీ మెడ దగ్గర్నుంచి మొదలుపెట్టింది. నేనూ మొదలుపెట్టాను.