జోడు పరుగు

మైపాడులో మనిషి పరుగెత్తాలంటే రెండే కారణాలు ఉండాలి. నెల్లూరు బస్సు కదిలిపోతూ ఉండాలి, లేకపోతే ఒడ్డుకు వచ్చిన పడవలో చేప దండిగా పడిందని కబురు రావాలి. ఆ రెండూ లేకుండా, తెల్లారీ తెల్లారకముందే నడివయసు మొగుడూ పెళ్ళాం బూట్లు తొడుక్కుని, ఒకరి పక్కన ఒకరు నెల్లూరు రోడ్డు పట్టుకుని పరుగెడుతుంటే చూసినవాళ్ళు ముక్కున వేలేసుకోక ఏం చేస్తారు? మొదటి వారం కుక్కలు వెంటపడ్డాయి. రెండో వారానికి కుక్కలకు విసుగొచ్చింది గానీ మనుషులకు రాలేదు.

"ఏం వనజక్కా, ఎవురు తరుముతుండారు మిమ్మల్ని?" అని ఎండుచేపలు ఆరబోసే ఆడవాళ్ళు అడిగితే వనజాక్షి నవ్వి ఊరుకునేది. జవాబు చెప్పలేనంత ఆయాసం ఆమెకేమీ లేదు. ఆమె ధ్యాసంతా పక్కన మొగుడి ఊపిరి మీద ఉండేది.

మొగుడు పెంచలయ్యకు పోయినేడాది చలికాలంలో, నడిసముద్రంలో వల లాగుతుండగా గుండెనొప్పి వచ్చింది. పడవ యజమాని హజరత్తయ్య వలను అక్కడే కోసి వదిలేసి, ఇంజను పగిలిపోతుందా అన్నంత వేగంగా ఒడ్డుకు తెచ్చాడు. నెల్లూరు ఆసుపత్రిలో స్టెంటు వేశారు. ప్రాణం దక్కింది.

ఆ రోజు పొద్దున పడవ వైపు నడుస్తూ పెంచలయ్య ఒక్క క్షణం ఆగి ఎదమీద చెయ్యి పెట్టుకోవడం వనజాక్షి చూసింది. పిలుద్దామని నోటిదాకా వచ్చింది. కానీ చేపల వేటకు బయల్దేరిన మనిషిని వెనకనుంచి పిలవకూడదు. మరిచిపోయిందేమైనా ఉంటే పరుగున పోయి, ముందుకెళ్ళి, ఎదురుగా నిలబడి చెప్పాలి. వాళ్ళమ్మ అట్లాగే చేసేది, అత్తా అట్లాగే చేసేది. వనజాక్షి ఆ రోజు పిలవలేదు, పరుగెత్తనూ లేదు. నెల్లూరు బజారుకు చేపల గంప తీసుకుపోయే టైమవుతోందని ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు.

నడవమని డాక్టరు చెప్పాడు. పెంచలయ్య నడిచాడు. నడిచీ నడిచీ కాళ్ళు ఊరుకోక చిన్నగా పరుగెత్తడం మొదలుపెట్టాడు. ఆర్నెల్లు గడిచాక హజరత్తయ్య ఇంటికి పోయి, మళ్ళీ వేటకు వస్తానన్నాడు. హజరత్తయ్య మంచివాడే, కాకపోతే భయస్తుడు.

"నీళ్ళ మీద నీకేమన్నా అయితే నేను వనజక్క మొహం ఎట్టా చూడాల?" అన్నాడు. తర్వాత, పెంచలయ్య మొహం చూడలేక కాబోలు, "మీ మేనల్లుడు ఏందో మద్రాసులో పరుగుపందెం అంటుండాడు గదా. అది టయానికి ముగించుకోని రా. అప్పుడు నాకూ నమ్మకం కుదురతాది" అని ఒక మాట వదిలాడు.

మేనల్లుడంటే వనజాక్షి అన్న కొడుకు సుశీల్ కుమార్. చెన్నైలో ఉద్యోగం. జనవరిలో అక్కడ వేలమంది పరుగెత్తే మారథాన్‌లో తనూ పరుగెత్తుతాడు. డాక్టరును అడిగితే ఆయన పరీక్షలన్నీ చేసి, మొత్తం దూరం వద్దు, సగం దూరం అయితే సరే, పక్కన మనిషి ఉండాలి అన్నాడు. ఆ పక్కన మనిషిగా వనజాక్షి పేరు కూడా ఎక్కింది. నలభై నాలుగేళ్ళ వయసులో ఆమె కాళ్ళకు మొదటిసారి బూట్లు వచ్చాయి. చీర కట్టుకుని పరుగెత్తలేక చుడీదారూ వచ్చింది. ఊరికి అది పరుగుకంటే పెద్ద వింత.

మూడున్నర గంటల్లో గీత దాటాలి. దాటకపోతే రోడ్డు బస్సులకు వదిలేస్తారు. సుశీల్ మామకు చేతి గడియారం ఒకటి పంపించాడు. అది పరుగంతా కొలిచి చెన్నైలో ఉన్న అతని ఫోనుకు చేరవేస్తుంది. మొదట్లో బాగానే ఉంది. కార్తీకం దాటేసరికి సుశీల్ గొంతులో నవ్వు పోయింది.

"అత్తా, ఎవురైనా ప్రాక్టీసు చేసేకొద్దీ స్పీడు పెరగతారు. మీరేంది వారం వారం తగ్గతా పోతుండారు? ఇట్టయితే మీరొచ్చేటప్పటికి అక్కడ అరటిపండు తొక్కలు తప్ప ఏం మిగలవు."

ఫోను పక్కనే ఉన్న పెంచలయ్య విన్నాడు. పోయి వసారాలో కూర్చుని, వేరేవాళ్ళ వల ఒళ్ళో వేసుకుని చిరుగులు కుట్టసాగాడు. తల ఎత్తకుండానే, "నా పని అయిపొయినట్టుంది వనజా" అన్నాడు.

నిజానికి తప్పు అతనిది కాదు. ఆమె వెనక్కి తగ్గుతోంది. అతని ఊపిరి కొంచెం బరువెక్కినట్టు వినబడితే చాలు, ఆమె కాళ్ళు వాటంతట అవే నెమ్మదించేవి.

తాడు మీద పెరిగిన మనుషులకు అదొక జబ్బు. ఒడ్డునుంచి లాగే పెద్దవలకు రెండు తాళ్ళు ఉంటాయి. ఒక తాడు ఒక గుంపు, రెండో తాడు రెండో గుంపు పట్టుకుని ఇసకలో వెనక్కి అడుగులేస్తూ లాగుతారు. ఒక గుంపుకు బలం ఎక్కువ ఉందని తొందరపడితే వల ఒక పక్కకు ఒరుగుతుంది, చేపంతా రెండో పక్కనుంచి జారిపోతుంది. అందుకని ఎవరి చూపైనా తమ తాడు మీద ఉండదు, అవతలి వాళ్ళ కాళ్ళ మీద ఉంటుంది. వాళ్ళు నెమ్మదిస్తే వీళ్ళూ నెమ్మదిస్తారు. వనజాక్షి పన్నెండేళ్ళ పిల్లగా నాన్నతో కలిసి తాడు పట్టింది. అవతలి తాడు మీద వాళ్ళ మేనత్త కొడుకు పెంచలయ్య ఉండేవాడు. అతని కాళ్ళు చూడటం ఆమెకు అప్పటినుంచి అలవాటు. ఆ తర్వాత పెళ్ళి చేశారు గానీ, ఆ అలవాటుకు పెళ్ళితో పనిలేదు.

అతని నోట ఆ మాట విన్న రాత్రి ఆమె ఏడుస్తుందనుకుంది. ఏడవలేదు సరికదా, హాయిగా నిద్రపట్టింది. పొద్దున లేచాక, ఎందుకంత హాయిగా పట్టిందో అర్థమై సిగ్గేసింది. మొగుడు ఓడిపోతే సముద్రం మీదికి పోడు. ఆ సంగతి ఆమె మనసులో ఎప్పటినుంచో ఒక మూల కూర్చుని ఉంది. ఊపిరి బరువెక్కినట్టు వినబడిన రోజుల్లో కొన్ని రోజులు అది నిజంగా బరువెక్కిందో, ఆమె చెవులే కావాలని విన్నాయో ఎవరికి తెలుసు?

డిసెంబరులో వానలు కాస్త తెరిపిచ్చిన ఒకరోజు కానాగంత చేపలు విపరీతంగా పడ్డాయి. వనజాక్షి చీకటితోనే ఖాళీ గంపలు ఆటోకెత్తించింది.

"ఈరోజు పరుగొద్దులే బావా, నువ్వూ పడుకో" అంది.

"ఒక్కడినే యాడికి పోతాలే" అన్నాడు పెంచలయ్య దుప్పటి లాక్కుంటూ.

ఒడ్డున చేప దగ్గర బేరం తెగి ఆటో కదిలేసరికి తూరుపు తెల్లబడింది. కాలవ వంతెన దాటాక ముందు రోడ్డు మీద ఎవరో పరుగెడుతూ కనిపించారు. పోలీసు ఉద్యోగానికి తయారవుతున్న కుర్రాడెవడో అనుకుంది. భుజాలు కదలడం లేదు, కాళ్ళు మాత్రం నేలను తాకీ తాకనట్టు పోతున్నాయి. చూడముచ్చటగా ఉంది.

"మన పెంచలన్న గదా అది" అన్నాడు ఆటో నడిపే గంగాధరం.

వనజాక్షి గంప చాటుకు వంగి, కొంగు మొహం మీదికి లాక్కుంది. ఆటో పక్కనుంచి పోతున్నప్పుడు కొంగు సందులోంచి చూసింది. అతని మొహంలో అలసట లేదు. పెళ్ళికి ముందు అవతలి తాడు పట్టుకుని, ఆమె చూస్తోందని తెలిసి విర్రవీగిన పిల్లవాడి మొహం అది.

ముందు ఒళ్ళు మండిపోయింది. అంటే ఇన్నాళ్ళూ తనకోసం తగ్గి పరుగెత్తాడన్నమాట. తనేదో ముసలిదైనట్టు, ఈడ్చుకుపోవాల్సిన మూటైనట్టు. ఆ కోపంలో నెల్లూరు బజారులో బేరమాడబోయిన ప్రతివాళ్ళ మీదా ఒంటికాలి మీద లేచింది. గంపలు ఖాళీ అయ్యి, టీ గ్లాసు చేతిలోకి వచ్చాక గానీ మిగతా సగం తట్టలేదు. తనూ అదే పని చేసింది కదా. ఆమె కాస్త తగ్గితే, అలసిపోయిందేమోనని అతను ఇంకాస్త తగ్గాడు. అతను తగ్గాడని ఆమె మరికాస్త తగ్గింది. ఇంకో ఆర్నెల్లు ఇదే శ్రద్ధగా సాధన చేసి ఉంటే ఇద్దరూ ఇందుకూరుపేట రోడ్డు మధ్యలో బూట్లతో సహా నిలబడిపోయేవాళ్ళు. టీ కొట్టు ముందు ఒక్కతే నవ్వుకుంటే పక్కావిడ వింతగా చూసింది.

ఆ సాయంత్రం అన్నం పెడుతుంటే ఫోను మోగింది. సుశీల్.

"మామా, పొద్దున ఆ వాచీని ఎవురికిచ్చినావు? ఎవురో కుర్రోడు కట్టుకోని పరుగెత్తినట్టుండాడే."

పెంచలయ్య ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయాడు. వనజాక్షి ఫోను తీసుకుని, "రేపు చెప్తాలేరా" అని పెట్టేసింది.

"ఎవురికీ ఇయ్యలేదులే. నేను చూసినా నిన్ను, ఆటోలో పోతా" అంది.

అతను తల వంచుకున్నాడు. "రోజంతా బజార్లో నిలబడి వస్తావు. మళ్ళా నాకోసమని చీకట్లో లేస్తావు. నేను గబగబా పోతే నువ్వు వెనకబడి బాధపడతావని..."

"నేనూ తగ్గినా బావా. నీకు ఆయాసం వస్తదేమోనని."

ఒక్క క్షణం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెంచలయ్యకు నవ్వు ఆగలేదు. పొలమారితే ఆమె నెత్తిమీద తట్టి నీళ్ళు ఇచ్చింది. కానీ తను నవ్వలేకపోయింది. అతనిది ఒట్టి జాలి. తనది ఒట్టి జాలి కాదు. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని తెలిసి, గిన్నె మీద మూత సర్దుతూ చెప్పేసింది.

"అంతకే తగ్గలేదు. నువ్వు ఓడిపోతే బాగుండునని గూడా తగ్గినా. ఓడిపోతే ఒడ్డునే ఉంటావు గదా."

అతని నవ్వు ఆగిపోయింది. కంచంలో వేళ్ళతో గీతలు గీశాడు. కోప్పడతాడనుకుంది. కోప్పడితే బాగుండుననుకుంది.

"నీళ్ళ మీద నాకు నొప్పి ఒక్కసారే వచ్చింది వనజా" అన్నాడు చివరికి. "ఒడ్డున కూసోని పరాయోళ్ళ వల కుడతా ఉంటే రోజూ వస్తా ఉంది."

వనజాక్షి మంచినీళ్ళ చెంబు అతని ముందుకు జరిపి లేచిపోయింది.

ఆ వచ్చే ఆదివారం చెన్నై పరుగుకు ముందు చివరి పెద్ద పరుగు. ఇందుకూరుపేట దాకా పోయి రావాలి. ఎవరి పరుగు వాళ్ళదని ఇంట్లోనే ఒప్పుకున్నారు. తీరా రోడ్డెక్కాక కాళ్ళు ఒప్పుకోలేదు. పది అడుగులు వేసేలోపు మళ్ళీ జతలో పడ్డాయి. అతను ఆమె కాళ్ళ వైపు, ఆమె అతని కాళ్ళ వైపు చూడటం, ఇద్దరూ దొంగల్లా చూపు తిప్పుకోవడం. కాలవ వంతెన కనబడే దాకా అదే వరస.

వనజాక్షి ఆగిపోయింది. అతనూ ఆగాడు. చల్లగాలికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చల్లగాలికే అనుకుందాం.

"పొయ్యిరా బావా" అంది.

పెళ్ళయినప్పటినుంచీ, వేటకు పోయే ప్రతి పొద్దునా గడపలో నిలబడి ఆమె చెప్పిన మాట అది. ఏడాదిగా చెప్పలేదు. పెంచలయ్య ఆమె వైపు చూసి, తల ఊపి, కదిలాడు. ఈసారి అతను వెనక్కి తిరిగి చూడలేదు. వేటకు పోయేవాడు చూడడు.

ఆమె నెమ్మదిగా వెనక పరుగెడుతూ చూస్తోంది. అతని వీపు చిన్నదవుతోంది. అప్పుడు కనబడింది, ఎడమ బూటు లేసు ఊడి కాలి చుట్టూ కొట్టుకుంటోంది. నడిసముద్రంలో అతను వేసిన ముడి విడిపోగా ఎవరూ చూడలేదు గానీ ఈ బూటు లేసు ముందు మాత్రం అతని చేతులు చంటిపిల్లవాడి చేతులే. వంతెన ఎక్కి అవతలి దిగుడులో ఆ వేగం మీద ఆ లేసు తొక్కితే బోర్లా పడతాడు.

బావా అని కేక నోటిదాకా వచ్చింది. పెదవుల దగ్గర ఆగింది. చూస్తే ఇది పరుగే, వేట కాదు. కేక వేస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. కానీ పొయ్యిరమ్మని పంపింది తనే. ఆ రోజు కూడా ఇట్లాగే వెనకనుంచి చూసింది. ఆ రోజు కాళ్ళు ఇంట్లోకి నడిచాయి.

పరుగెత్తింది. ఎదురుగా పోయి చెప్పాలి, అంతే. ఇంతకాలం ఎవరో ఒకరి కాళ్ళు చూసి అడుగేసిన మనిషి ఏ కాళ్ళూ చూడకుండా పరుగెత్తింది. వంతెన ఎగుడు మొదలైంది, తొడలు మండాయి, జడ వీపు మీద కొట్టుకుంది. కాలవలో పడవ మీద ఉన్న మనిషెవరో తెడ్డు ఆపి చూశాడు. తనలో ఇంత పరుగు ఉందని ఆమెకే తెలియదు. ఇది ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో అనిపించి ఆ ఆయాసంలోనే నవ్వొచ్చింది.

వంతెన నడినెత్తిన అతన్ని దాటింది. దాటి, ముందుకు పోయి, తిరిగి ఎదురుగా నిలబడింది.

"లేసు" అంది. అంతకంటే మాట రాలేదు.

పెంచలయ్య కిందికి చూసుకున్నాడు. తర్వాత ఆమెను చూశాడు, ఆమె వచ్చిన దూరం చూశాడు. ఆమె ఎందుకు పిలవలేదో అతనికి చెప్పనక్కర్లేదు, అతనూ మైపాడు మనిషే. మోకాలి మీద వంగి లేసు పట్టుకున్నాడు.

"నేను పోతుండా" అంది వనజాక్షి. "కట్టుకోని రా."

దిగుడులోకి దిగింది. కింద రోడ్డు వరిచేల మధ్యగా ఇందుకూరుపేట వైపు తిన్నగా ఉంది. కాసేపటికి వెనక అడుగుల చప్పుడు వినిపించింది. బలంగా, గబగబా వస్తున్నాయి. ఆ అడుగులకు ఆయాసం లేదు. వాటిని వింటుంటే ఆమెకు భయం వేసింది, భయంతోపాటు గర్వమూ వేసింది. దాటిపోతాడు. జనవరి తర్వాత పడవా ఎక్కుతాడు. ఇక గడపలో నిలబడే పొద్దులన్నీ మళ్ళీ తనకు తప్పవు.

అడుగులు పక్కకు వచ్చాయి. ఒక్క క్షణం జతలో పడ్డాయి. అతను ఆమె కాళ్ళ వైపు చూస్తున్నాడని ఆమెకు తెలుసు.

వనజాక్షి తగ్గలేదు.