నీలం తుపాకికి బొట్టు

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచెలంటారు. వాటిని బాగుచేసే ఎల్లేశానికి నలభై దాటినా స్పంజి బుల్లెట్ల ఆటతుపాకుల పిచ్చి మాత్రం వదల్లేదు. అదీ అందరూ మెచ్చే రకాల మీద కాదు. దుబాయి నుంచి వచ్చే పెద్ద బ్యాటరీ తుపాకులు ఆయన కంటికి ఆనవు. వేములవాడ జాతరలో కుప్పపోసి అమ్మే పేరులేని సరుకే కావాలి.

"డబ్బా మీద బొమ్మ జూసి కొనేటోళ్లకు లోపలి సంగతి ఏమెర్క?" అంటాడు.

ఆ చవక తుపాకుల ప్లాస్టిక్ మందంగా, గొట్టం తిన్నగా ఉంటుంది. స్ప్రింగే ఉత్తది. అది పీకేసి పాత సాంచె స్ప్రింగును కత్తిరించి బిగిస్తాడు. గాలి పక్కకు పోకుండా లోపలి కడ్డీకి రబ్బరు రింగు తొడుగుతాడు. అంతవరకూ మంచం దాటని బుల్లెట్టు ఇంటి వెనక తమ సాంచెలు నడిచే కార్ఖానాలో అవతలి గోడకు తగులుతుంది. అన్నిట్లోకీ ఆయనకు ముద్దు ఒక నీలం తుపాకి.

భార్య రత్నమాల లంగాలు కుడుతుంది. గోడ అల్మారా నిండా తుపాకులుంటే కుట్టిన లంగాలన్నీ మంచం కిందికి పోతాయి. "పోరగాండ్లే ఆడుడు బందువెట్టిన్రు. నీకింకా తీరలేదా?" అని రోజూ ఒక విడత గొడవ అయ్యేది.

దసరా పండక్కి ఆమె తమ్ముడు జలపతి కోరుట్ల నుంచి వచ్చాడు. దుబాయిలో పని, సెలవు మీద దిగాడు. బావను ఉడికించడానికే ఓ పెద్ద బ్యాటరీ తుపాకి తెచ్చాడు.

"బావా, గీదాని ముందల నీ జాతర సరుకు నిలుస్తదా?"

"నిలవకుంటె అల్మారా మీ అక్కకే. తుపాకులన్నీ పాతసామానుకు ఏస్త."

ఎల్లేశం నోరు జారాడు. రత్నమాల ఊరుకుంటుందా? "మాట మీదుండాలె మరి" అంది.

పండుగ మర్నాడు పందెం. కార్ఖానాలో చివరి సాంచె మీద నిలబెట్టిన దారపు కండెను ఎవరు ముందు పడగొడితే వారిదే గెలుపు. గెలుస్తానని ఎల్లేశానికి తెలుసు. అయినా ఆ అల్మారా పోతే ఇంట్లో తనదంటూ ఏమీ మిగలదని దిగులేసింది.

దసరా నాడు ఆయన జమ్మికి పోయాడు. రత్నమాల ఏటా చేసినట్టే సాంచెలు తుడిచి, నూనె పోసి, పసుపు కుంకుమలు పెట్టింది. పానాలకూ కత్తెరకూ కుట్టుమిషనుకూ కూడా పూజ చేసింది.

మర్నాడు జలపతి ముందు కొట్టాడు. బుల్లెట్లు వానలా కురిశాయి గానీ కండె కదల్లేదు. ఎల్లేశం మీసం సవరించుకుని నీలం తుపాకి ఎత్తాడు. ట్రిగ్గర్ నొక్కితే లోపలి కడ్డీ మూలుగుతూ కదిలింది. బుల్లెట్టు ఆయన కాళ్ల ముందే పడింది. జలపతి పడీపడీ నవ్వి, రెండో విడతలో కండెను పడగొట్టాడు.

ఎల్లేశం మూలకు పోయి తుపాకి విప్పాడు. రబ్బరు రింగు నానిన శనగగింజలా ఉబ్బింది. వాసన చూశాడు, సాంచె నూనె. పిడి కింద కుంకుమ బొట్టు. అల్మారాలో చూస్తే ప్రతి తుపాకికీ బొట్టుంది. ఆ నూనెకు రబ్బరు ఉబ్బుతుందని రత్నమాలకు తెలియదు.

చెబితే పందెం చెల్లదు. కానీ జలపతి అక్కను బతికినన్నాళ్లూ ఎగతాళి చేస్తాడు.

"స్ప్రింగు ఇరిగింది" అన్నాడు ఎల్లేశం.

జలపతి కోరుట్ల బస్సెక్కాక గల్లీలో పాతసామానువాడి కేక వినిపించింది. ఎల్లేశమే తుపాకులన్నీ గోనెసంచిలో వేసుకుని బయల్దేరాడు. రత్నమాల గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"యాడికి?"

"మాట మీదుండాలె గద."

"పూజ జేసినయి తూకానికి ఎయ్యద్దు. ఇంటికి మంచిది గాదు."

"గివి పనిముట్లా? వీటికెందుకు జేసినవ్ పూజ?"

ఆమె సంచిలోంచి నీలం తుపాకి తీసి కొంగుతో తుడిచింది.

"సాంచె మంచిగ నడవాల్నంటె నూనె పోస్తం, బొట్టు పెడ్తం. నాకు గంతే ఎర్క. మా తమ్ముని ముందల నువ్వు ఓడిపోవద్దని గీదానికి జర ఎక్కువనే పోసిన."