అడగని ఇల్లు

మూడో అంతస్తు మెట్ల మీద ఆయాసం తీర్చుకుని, ఇంటింటా బతుకుల గురించి అడిగి రాసుకునే ప్రశ్నలమ్మ తలుపు తట్టింది. మిల్లు పనివాళ్ల గదులన్నీ ఆమెకి కొట్టిన పిండి. మనుషులు ఎలా బతుకుతారన్నదీ ఒక శాస్త్రమేనని ఆమె అన్న రోజుల్లో, కాలేజీల్లో ఆ చదువుకి చోటే లేదు. అప్పుడు నవ్విన పెద్దమనుషుల మనవలు ఇప్పుడు ఆమె పుస్తకాలు బట్టీ పడుతున్నారు. అయినా ఆమె గడపలు తొక్కడం మానలేదు.

ఇంట్లో కష్టపడేది ఎవరని అడిగితే, తానొక్కడినేనన్నాడు ఇంటాయన. వెనకాల అతని భార్య చేతులెర్రబడేలా బట్టలు పిండుతోంది. ప్రతి గదిలోనూ ఇదే జవాబు. ఆమె మొదటి పుస్తకమంతా ఈ ఒక్క మాట మీద పోట్లాటే.

ఆయన బయటికెళ్లాక ఆ ఇల్లాలు మొహమాటంగా అడిగింది.

"మీ ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?"

"ఎవరూ లేరు. నేనొక్కదాన్నే."

మెట్లు దిగుతుంటే కాళ్లు ఆగిపోయాయి. ఇంట్లో చెల్లెలుంది. వయసంతా ఈమెకి వండిపెట్టి, ఈమె గొలుసుకట్టు రాతలకి శుభ్రమైన ప్రతులు తీసిపెట్టిన చెల్లెలు వారం నుంచి దగ్గుతో మంచం దిగలేదు. ఇన్నాళ్లూ జవాబులు చెప్పిన ఆడవాళ్లు, పోయినవాళ్లతో సహా, ఆమె వెనకే మెట్లు దిగుతున్నట్టనిపించింది. ఆమెకి సిగ్గేసింది, అంతకంటే భయమేసింది.

సాయంత్రం చెల్లెలి మంచం పక్కన కూర్చుని, అందరినీ అడిగే మొదటి ప్రశ్నే అడిగింది.

"నీకు రోజూ ఎన్నింటికి తెల్లవారుతుంది?"

చెల్లెలు ముందు నమ్మలేదు. తర్వాత నవ్వింది, ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది.

"ఇన్నేళ్లకి నా వంతొచ్చిందా? రేపు అడుగక్కా. కాస్త మనిషిలా తయారై కూర్చుంటాను."

ఇప్పుడే చెప్పమని బతిమాలాలనిపించింది. కానీ అలిసినవాళ్లని అడగకూడదన్నది ఆమే పెట్టిన నియమం. దుప్పటి సర్ది లేచింది.

పొద్దున పాలు కాచింది. పంచదార ఎక్కడుంటుందో తెలియక వంటిల్లంతా వెతికింది. గ్లాసు తీసుకుని గదిలోకెళ్లేసరికి చెల్లెలు గోడవైపు తిరిగి ఉంది. పిలిచింది, భుజం తట్టింది. ఒళ్లు చల్లబడిపోయింది.

గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక ఆమె చాలాసేపు అలాగే నిలబడింది. మంచం పక్కనున్న కుర్చీ ఖాళీగా లేదు. చెల్లెలు పెట్టె అడుగున దాచుకున్న నీలం గౌను దాని వీపు మీద వేసి ఉంది, ముడత లేకుండా ఇస్త్రీ చేసి, మెడ దగ్గర ఊడిన బొత్తాం కొత్త దారంతో కుట్టి.