దాపరికం మొయ్యని సైకిలు

తెల్లారగానే పీరాంబీ కొట్టు ముందు నీళ్ళు చల్లి, పంచర్లు చూసే తొట్టి కడిగి, గాలి పంపు బయటపెట్టి, వాళ్ళ నాయన నల్ల సైకిలుని గోడకి ఆనిస్తుంది. నరసరావుపేటలో ఆ సైకిలు సంగతి తెలియనివాళ్ళు లేరు. మనసులో ఏదన్నా దాచుకుని ఎక్కితే అది మొయ్యదు. పెడలు బిగుసుకుపోతుంది, అంతే. ఒకసారి రొంపిచెర్ల నుంచి పెళ్ళిచూపులకొచ్చిన కుర్రాణ్ణి పిల్ల మేనమామ దాని మీద ఎక్కించి, వీధి చివరిదాకా తొక్కి రమ్మన్నాడు. రెండు మూరలు కదల్లేదు. మాచర్లలో ఇంకో పిల్లతో తాంబూలాలైన మాట కక్కాక గాలిలా పోయింది. దీన్నెవరూ వింతగా చెప్పుకోరు. చైను వదులైతే ఊడుతుంది, దాపరికముంటే బిగుస్తుంది.

వాళ్ళమ్మ సంగతి తల్చుకున్నప్పుడు మాత్రం పీరాంబీ పళ్ళు కొరుక్కుంటుంది. చివరి ఏడాది ఆవిడ ఆ సైకిలు వెనక కూర్చోనంటే కూర్చోలేదు. పిండిమరకి కూడా గిన్నె నెత్తినెట్టుకుని నడిచే పోయేది. పెద్దతనాన సిగ్గేమోలే అనుకుంది పీరాంబీ. రవిక లోపల గడ్డ మీద పసుపు గుడ్డ కట్టుకుని తిరిగిందని, మంచాన పడ్డాక ఒళ్ళు తుడిచేటప్పుడు గానీ తెలియలేదు. అప్పటికి డాక్టర్లు చెయ్యటానికేమీ మిగల్లేదు.

అందుకే ఊళ్ళో పెద్దమనిషి ధనుంజయరావు కట్టించిన ఫ్లెక్సీ చూసి ఆమెకి ఒళ్ళు మండింది. ఫిబ్రవరి నాలుగున పేట నుంచి నకరికల్లు దాకా సైకిల్ యాత్రట, క్యాన్సర్ పరిశోధనకి సాయంగా. గులాబీ రిబ్బనుంది, పన్నెండు మంది నాయకుల మొహాలున్నాయి. ఆ రోగం ఆడదాని ఒంట్లో ఎక్కడొస్తుందో చెప్పే ముక్క ఒక్కటీ లేదు. పంచిపెట్టిన టీషర్టుల వీపు మీదేమో రావుగారి పురుగుమందుల కొట్టు పేరు.

సైకిళ్ళన్నిటికీ గాలి కొట్టి, చైన్లకి నూనె వెయ్యమని ఆయన కబురుపెట్టాడు. వేసింది. తనూ తొక్కుతానంటే, మెకానిక్కులు వెనక ఆటోలో రావాలన్నాడు.

"మీ ఆటో మీరే ఎక్కండి. మా అమ్మని తిన్న రోగం అది," అని నల్ల సైకిలెక్కింది.

యాభై మంది దాకా బయల్దేరారు. ముందు వరసలో రావుగారి కోడలు అర్చన, కొత్త గేర్ల సైకిలు మీద. ఎమ్మెస్సీ చదివిన పిల్ల, నెమ్మదస్తురాలు. దారికి రెండు పక్కలా ఎండబోసిన మిరపకాయల ఘాటుకి అందరూ తుమ్ముకుంటా పోతున్నారు. సగం దారి దాటాక అర్చన సైకిలు గేరు విరిగి చక్రంలో ఇరుక్కుంది. పీరాంబీ దిగి చూసి, ఇది రోడ్డు మీద అయ్యే పని కాదని, తన సైకిలు తీసుకోమంది.

అర్చన రెండడుగులు వెనక్కి వేసింది. "వద్దు పిన్నీ. నేను నడిచొస్తాలే."

ఇంకా పది కిలోమీటర్లుంది. నడుస్తానంటోంది. పీరాంబీకి గిన్నె నెత్తినెట్టుకుని నడిచిన అమ్మ గుర్తొచ్చింది.

ఆమె ఇంకో మాట అనేలోపే జీపులో రావుగారు దిగాడు, వెనకాలే కెమెరా మనిషి. సంగతి విని ముచ్చటపడ్డాడు. "ఎక్కమ్మా. మన ఇంటి కోడలు పంచరు కొట్టు సైకిలు తొక్కిందంటే పేపర్లో బాగుంటుంది."

మామగారి మాట కాదనలేక అర్చన ఎక్కింది. పెడలు కదల్లేదు. బలమంతా పెట్టి తొక్కింది. ఊహూఁ. చుట్టూ ఉన్నవాళ్ళంతా పేటవాళ్ళే. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మొగాళ్ళలో ఒకడు మీసాల చాటున నవ్వాడు, పెళ్ళైన ఆడది దాచేది ఒక్కటే ఉంటుందన్నట్టు.

పీరాంబీ హ్యాండిల్ పట్టుకుని దగ్గరగా వంగింది. "ఎక్కడమ్మా?" అంది. అంతే.

అర్చన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తలెత్తి, మామగారి వైపు చూసింది. "రొమ్ములో గడ్డ ఉంది మావయ్యా. శ్రావణం నుంచీ. మీ అబ్బాయికి చెప్పాను. నాన్న ప్రోగ్రాం అయ్యేదాకా నోరెత్తకు, జనం నవ్వుతారన్నారు."

ఆమె కాలి కింద పెడలు మెత్తగా తిరిగింది.

రావుగారి మొహం మాడిపోయింది. "నలుగురిలో ఏందమ్మా ఆ మాటలు? ఇంటికెళ్ళాక చూద్దాం. ముందు జీపెక్కు, స్టేజీ మీద నువ్వు కనపడాలి."

"ఏ మాటలు రావుగారూ?" అంది పీరాంబీ. "పదిహేను రోజుల్నించి మైకు పెట్టి అరిపించింది దేని గురించి? ఎక్కడో చదువుకున్నోళ్ళు కిందామీదా పడి మందు కనిపెడతారు, మంచిదే. నేనూ తొక్కా వాళ్ళ కోసం. ఈ లోపల మీ ఇంటి పిల్ల గడ్డని ఆరు నెలలు జాకెట్లో దాచుకోవాలా, మీకు దండలు పడేదాకా? ఆ పేరెత్తటానికి సిగ్గైతే ఈ యాత్ర ఎందుకు పెట్టారు? ఇంట్లో కూర్చోపోయారా?"

అర్చన హ్యాండిల్ని పేట వైపు తిప్పింది. పీరాంబీ వెనక ఎక్కి కూర్చుంది. టీషర్టుల ఆడవాళ్ళు సైకిళ్ళు పక్కకి లాక్కుని దారిచ్చారు. ఇద్దరు మనుషుల బరువుతో ఆ పాత సైకిలు, ఎదురుగాలిలో, చెయ్యి వదిలిన గాలిపటంలా పోయింది.

వారం తర్వాత ముక్క పరీక్షలో అది క్యాన్సరేనని తేలింది. మొదట్లోనే దొరికింది, బతుకుతావు అని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. అది తర్వాతి మాట.

ఆ రోజు మాత్రం ఆసుపత్రిలో చీటీలు రాసే చోట, ఏమిటమ్మా బాధ అని అడిగితే అర్చన గొంతు తగ్గించలేదు. "రొమ్ములో గడ్డ," అంది, వరసంతా వినేలా.

వెనక నిలబడ్డ ముసలామె చేతిలో అప్పటికే రాయించుకున్న చీటీ ఉంది. కాసేపు దాని వంక చూసుకుంది. కౌంటరు దగ్గరికొచ్చి, పైట సర్దుకుని, చీటీ వెనక్కిచ్చింది.

"కడుపునొప్పి కొట్టెయ్ బిడ్డా. నాకూ అదే. రాయ్."