వీరాస్వామి గారి వాలుబల్ల

నేను ఒక వాలుబల్లను. ర్యాంపు అంటే మీకు చప్పున తెలుస్తుంది. ఒక కొస నేల మీద, ఒక కొస వేదిక మీద ఆనించి పడుకోబెడితే చాలు, చక్రాల కుర్చీలో ఉన్న మనిషి తన చక్రాలు తానే తిప్పుకుంటూ నా మీదుగా పైకి ఎక్కవచ్చు. పడుకోవడమే నా ఉద్యోగం. అలాంటి నన్ను పుట్టిన దగ్గర్నుంచీ గోడకు నిలబెట్టారు. ఆ యాతన పగవాడికి కూడా వద్దు.

నేను గ్రాంటు పుణ్యమా అని పుట్టాను. చీరాలలో చెంచురామయ్య మాస్టారని రిటైరైన తెలుగు పంతులు ఉన్నారు. కాళ్లు సాగని వాళ్లనీ, చూపు లేని వాళ్లనీ పోగేసి నాటక సమాజం నడుపుతారు. వాళ్లకు కావలసింది రిహార్సల్‌కు వచ్చిపోవడానికి ఆటో చార్జీలు, మధ్యాహ్నం పూట ఇంత అన్నం. గుంటూరులో ఒక పొగాకు వ్యాపారి కుటుంబం పెట్టిన ట్రస్టుకు వెళ్లి అదే అడిగారు.

"అన్నానికీ ఆటోలకీ ఇస్తే మా పేరు ఎక్కడ రాసుకోవాలి మాస్టారూ? కనపడే వస్తువేదన్నా అడగండి" అన్నాడు ట్రస్టు నడిపే శేషగిరి.

మాస్టారు బుర్ర గోక్కుని, అయితే వేదిక ఎక్కడానికి ఒక వాలుబల్ల ఇప్పించమన్నారు. అదే నేను. మస్తాన్‌వలీ అనే వడ్రంగి వేపచెక్కతో నన్ను ఒద్దికగా బిగించాడు. అక్కడితో ఆగితే బాగుండేది. శేషగిరి పంపిన పెయింటరు వచ్చి, నా వాలు మీద నట్టనడుమ నిగనిగలాడే పసుపు ఎనామిల్ రంగుతో 'కీర్తిశేషులు నల్లూరి వీరాస్వామి గారి జ్ఞాపకార్థం' అని బారెడు అక్షరాలు రాసిపోయాడు. ఆ వీరాస్వామి శేషగిరి తండ్రి.

రంగు ఆరీ ఆరకముందే దయామణి వచ్చింది. ఆ సమాజానికి ఆమే ముఖ్య నటి. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయిగానీ గొంతు మాత్రం ఖంగుమంటుంది. కుర్చీ తోసుకుంటూ నా అంచు దాకా వచ్చిందో లేదో, మాస్టారు అడ్డం పడ్డారు.

"ఆగమ్మా, ఆగు. పోయిన పెద్దాయన పేరది. దాని మీద ఎట్టా ఎక్కుతావు?"

మాస్టారు చెడ్డవారు కాదు. కాలికి కాగితం ముక్క తగిలినా తీసి కళ్లకు అద్దుకునే మనిషి. ఆయనకే కాదు, అక్కడున్న ఎవరికీ ఆ పేరు మీద కాలు పెట్టే ధైర్యం లేదు. పేరును పక్క చెక్క మీదికి మార్చుకుంటామని అడిగితే, తాము ఒప్పుకున్న ఫొటోలో ఎలా ఉందో అలాగే ఉండాలని ట్రస్టు నుంచి కబురొచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ ఇద్దరూ ఇచ్చారు, పేరే అడ్డంగా పడుకుంది.

ఇక చూడండి నా తిరుగుడు. బాపట్లలో నాటకమైతే ట్రాలీ ఆటో ఎక్కించి బాపట్ల, ఒంగోలులో అయితే ఒంగోలు. వేదిక పక్కన నిలబెట్టి ఫొటో తీసి గుంటూరు పంపేవారు. నా ఎదుటే నలుగురు మగవాళ్లు దయామణిని కుర్చీతో సహా బియ్యం బస్తాలాగా ఎత్తి పైన దించేవారు. జనం కిసుక్కున నవ్వేవారు. ఆ నవ్వు ఆగకముందే ఆమె రాణి వేషంలో ఆజ్ఞలు ఇవ్వాలి. నాకు ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు ఆమె మాస్టారికి చెప్పేసింది. "ఎవరి చెయ్యి ఎక్కడ తగిలిద్దో నాకు తెలుసు మాస్టారూ, మీకు తెలవదు. ఇంకోసారి ఎత్తితే నేను నాటకం మానేస్తా."

"గుంటూరోళ్లు వచ్చి చూసిపోయేదాకా ఓర్చుకో తల్లీ. వచ్చే ఏడు గ్రాంటు వాళ్ల చేతిలో ఉంది" అన్నారు మాస్టారు. దయామణి కుర్చీ తిప్పుకుని వెళ్లిపోయింది. ఆమె మానేస్తుందేమోనని నాకు కుదురు లేకుండా పోయింది.

గుంటూరు వాళ్లు రానే వచ్చారు. మున్సిపల్ హాలులో ముందు వరసలో శేషగిరి, పక్కన అతని తల్లి రాఘవమ్మ. గంట కొట్టగానే అలవాటు ప్రకారం నలుగురూ దయామణి దగ్గరికి వచ్చారు.

"నన్ను ముట్టుకోబాకండి. ఆ బల్ల దించండి" అంది ఆమె.

ఒక్కరూ కదల్లేదు. అప్పుడు హార్మోనియం ముందు నుంచి ఏసోబు లేచాడు. అతనికి పుట్టు గుడ్డితనం. తడుముకుంటూ వచ్చి నన్ను పట్టుకున్నాడు.

"నాకు ఏ పేరూ కనపడదు గదా. పాపమొస్తే కళ్లున్నోళ్లకే వచ్చిద్ది" అంటూ నన్ను దించాడు. ఎన్నాళ్లకో నడుం వాల్చాను.

దయామణి చక్రాలు తిప్పింది. సగం దాకా బాగానే వచ్చింది. ఆ పసుపు అక్షరాల మీదికి రాగానే చక్రం సర్రున జారింది, కుర్చీ వెనక్కి వచ్చేసింది. నలుగురూ పరిగెత్తుకొచ్చారు. ఆమె వద్దన్నట్టు తల ఊపి, పళ్లు బిగించి, కుర్చీని అంచున ఉన్న వట్టి చెక్క మీదికి మళ్లించి, ఒక్కో పట్టూ లాగుతూ పైకి చేరింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ శేషగిరి వంకే చూస్తున్నారు. అతను ముఖం ఎర్రగా చేసుకుని లేచాడు. తల్లి లేవలేదు. చేసేది లేక మళ్లీ కూర్చున్నాడు. ఆ రోజు దయామణి రాణి వేషం చూడాల్సిందే.

నాటకం అయ్యాక రాఘవమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఆమె భర్త పేరు మీద నల్లటి టైరు గీతలు.

"తప్పయిపోయిందమ్మా" అని మాస్టారు చేతులు జోడించారు.

ఆవిడ వినిపించుకోలేదు. వంగి అక్షరాల మీద బొటనవేలు రాసి చూసింది. "ఇక్కడే గదా అమ్మాయ్ నువ్వు జారింది?"

"అవునండీ. ఆ రంగు మీద చక్రం ఆగటంలా."

"శేషూ, ఇది గీకించు."

"నాన్న పేరమ్మా."

"ఆ పిల్ల పడ్డదంటే రేపు ఊరంతా మీ నాన్న పేరే చెప్పుకుంటారు. గీకించు."

మర్నాడే మస్తాన్‌వలీ చిత్రిక పట్టుకొచ్చాడు. వీరాస్వామి గారు పసుపు పచ్చని పొట్టుగా రాలిపోయారు. వచ్చే ఏడు గ్రాంటు గురించి గుంటూరు నుంచి మాత్రం ఇంకా ఏ కబురూ లేదు. ఫోను మోగినప్పుడల్లా మాస్టారు ఉలిక్కిపడతారు, ఆయనతో పాటు నేనూ. ఆటో చార్జీల సంగతి ఎవరికీ తెలియదు.

నిన్న రిహార్సల్ లేదు. మా రిహార్సల్ షెడ్డులో ఎవరూ లేరు. దయామణి ఒక్కతే వచ్చింది. నా మీదుగా అక్కడి చిన్న వేదిక ఎక్కి, చుట్టూ ఒకసారి తిరిగి, దిగింది. మళ్లీ ఎక్కింది.