గ్యారంటీ టీవీకి కాపలా

మా ఇంట్లో రంగుల టీవీ చచ్చిపోయి నెల దాటింది. అయినా దాన్ని సాగనంపే వీలు లేకపోయింది. దానికి గ్యారంటీ ఉంది మరి.

అది మామూలు గ్యారంటీ కాదు. కంపెనీ ఏడాదికి ఇస్తే, అమ్మినవాడు పైన మరికొంత తీసుకుని ఇంకో నాలుగేళ్లకు పొడిగించాడు. మా ఆయన మల్లేష్‌కు గోల్ బజారులో స్టీలు సామాన్ల దుకాణం. బిందెకో డబ్బాకో ఎవరైనా గ్యారంటీ అడిగితే నవ్వేసి, వేలితో దాన్ని ఠంగున కొట్టి వినిపించి పంపించేస్తాడు. అంత గట్టి వ్యాపారస్తుడు ఆ టీవీ దుకాణంలో మెరిసే కాగితాన్ని చూడగానే మెత్తబడిపోయాడు. ఇక ఐదేళ్లు మనం దానివైపు చూడనక్కర్లేదని ఇంటికొచ్చి నాకు చెప్పాడు. రెండో ఏడు బొమ్మ ఆగిపోయాక ఆ మాట నిజమైంది. దానివైపు చూడటానికి ఇంకేమీ మిగల్లేదు.

చంద్రపూర్‌లో ఇంటింటికీ కేబుల్ తీగలు పాకుతున్న రోజులవి. మా వీధి చివర రేడియోలు, టీవీలు బాగుచేసే జెరెమీ ఉన్నాడు. పిలిస్తే చేతిలో టీ గ్లాసుతోనే వచ్చేవాడు. కానీ బయటివాళ్లు టీవీ వెనక మూతను ముట్టుకోకూడదు. మరమేకు మీద కంపెనీ వాళ్లు ఒక కాగితపు సీలు అంటించారు. అది చిరిగినా, చెరిగినా గ్యారంటీ చెల్లదు. బాగుచేసే మనిషి నాగపూర్ నుంచే రావాలి. ఏ రోజు వస్తాడో చెప్పరు. పది నుంచి ఐదు దాకా ఇంట్లో ఇంటి మనిషి ఉండాలి. వచ్చినప్పుడు తాళం కనిపిస్తే కంప్లైంటు కొట్టేస్తారు, మళ్లీ మొదటినుంచి రాయించుకోవాలి.

ఇవన్నీ కార్డు మీద ఇంగ్లీషులో ఉన్నాయి. మా ఆయన మరాఠీలో చదువుకున్నాడు. నేను ఆదిలాబాద్‌లో బీఏ చేసి, పెన్‌గంగ దాటి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. కాబట్టి ఆ కార్డు చదివి చెప్పే గౌరవం నాకు దక్కింది. చదివి చెప్పిన పాపానికి పాటించే పని కూడా నాదే అయింది. ఆయన దుకాణంలో ఉంటాడు, పిల్లలింకా లేరు. పది నుంచి ఐదు దాకా ఇంట్లో ఉండే ఇంటి మనిషి ఎవరో వేరే చెప్పాలా?

మొదటిసారి కంపెనీ వాళ్లు ఎప్పుడు వచ్చారంటే, నేను సాలోమోను సారును కలవడానికి వెళ్లిన పూట. ఆయన బొగ్గుగని కాలనీలో చిన్న ఇంగ్లీషు మీడియం బడి నడుపుతున్నాడు. మూడో తరగతి టీచరమ్మ కాన్పుకు వెళ్లి, ఇక రానని కబురు పంపిందట. నా చేత రెండు పేజీలు చదివించి, బోర్డు మీద నాలుగు ముక్కలు రాయించి, దసరా సెలవుల తర్వాత బడి తెరిచే సోమవారం వచ్చి చేరమన్నాడు. ఆ రోజు రాకపోతే బల్లార్షా నుంచి బీఎడ్ చేసిన పిల్ల ఒకతి సిద్ధంగా ఉందని కూడా మర్యాదగానే చెప్పాడు. పెళ్లయ్యాక నేను నా కోసం బయటికి వెళ్లి సంపాదించుకొచ్చిన మొదటి మంచి మాట అది. దాన్ని మోసుకుంటూ ఇంటికొస్తే, తలుపు సందులో చీటీ కనిపించింది. 'ఇల్లు తాళం. కంప్లైంటు రద్దు.'

ఆ సాయంత్రం మా ఆయన కోప్పడలేదు. కోపం ఆయన పద్ధతి కాదు. ఎస్టీడీ బూత్‌కు వెళ్లి నాగపూర్‌కు ఫోను చేసి, కొత్త కంప్లైంటు రాయించుకుని వచ్చాడు. అన్నం తింటూ అన్నాడు:

"నౌకరీ చేస్తె చెయ్యి మాధవీ. నేనేం వద్దన్ననా? టీవీ బాగైనంక చెయ్యి."

వద్దన్న మనిషితో పోట్లాడొచ్చు. టీవీ బాగైనంక అన్న మనిషితో ఏమని పోట్లాడాలి?

అప్పటినుంచి నేను దానికి కావలి కూర్చున్నాను. కూరగాయలు పక్కింటి మంగతాయి తెచ్చిచ్చేది. ఆమె చిన్నపిల్లల బాల్వాడీలో పనిచేస్తుంది, వెళ్తూ ఒకసారి వస్తూ ఒకసారి కిటికీలోంచి నన్ను పలకరించేది. ఖైదీని కలవడానికి వచ్చినట్టు ఉండేది నాకు. స్నానం పదిలోపే. మేడ మీద బట్టలు ఆరేసేది కూడా పదిలోపే, లేదంటే కింద తలుపు కొట్టింది వినపడదు. దసరా ముందు ఎండ, కరెంటు కోత, కిటికీ తీస్తే బొగ్గు నుసి, మూస్తే ఉక్క. సందులో ఏ స్కూటరు ఆగినా లేచి నిలబడేదాన్ని. టీవీ మీద నేనే అల్లిన తెల్లటి గుడ్డ ఉండేది. దాని మీద నుసి పడితే దులిపేదాన్ని. పనిచేసిన రోజుల్లో దానికి అంత సేవ చేయలేదు.

చదవడానికి ఇంకేమీ దొరక్క గ్యారంటీ కార్డునే చదివేదాన్ని. ఒక మధ్యాహ్నం ఆ సీలు గురించి రాసిన వాక్యం దగ్గర ఆగిపోయాను. చిరిగినా, చెరిగినా చెల్లదు. చెల్లకపోతే నాగపూర్ మనిషి రాడు. రాకపోతే ఎవరూ కాచుకోనక్కర్లేదు. జెరెమీని పిలుచుకోవచ్చు, లేదా దాని మీద తులసి కుండీ పెట్టుకోవచ్చు. సోమవారం నాకు సొంతమవుతుంది. నా గోరుతో నేనే చింపేద్దామా అనిపించింది. కానీ ఇంట్లో ఉండేదాన్ని నేనొక్కదాన్నే కదా, దొంగను వెతికే పని కూడా ఉండదు.

దసరాకు మా అత్తమ్మ ఆగమ్మ జివతి నుంచి వచ్చింది. అక్కడ గుట్టల మీద పత్తి చేను. పత్తి ఏరే పని ఉంది, పండగ కాగానే తిరిగి పోవాలి. ఆమెకు పండగంటే ఆయుధాల పూజే. ఇనుప ముక్క, మరమేకు ఉన్న వస్తువు ఏదైనా బొట్టు లేకుండా తప్పించుకోలేదు. కత్తిపీట, కుట్టుమిషను, స్కూటరు, దుకాణంలో తక్కెడ, అన్నీ వరుసగా పసుపు కుంకుమలు పెట్టించుకున్నాయి. చివరికి చెంబూ గిన్నే పట్టుకుని టీవీ ముందుకొచ్చి, అద్దం మీద చిన్న బొట్టు పెట్టి వెనుదిరగబోయింది.

"అత్తమ్మా, ముందట అద్దమే గద. అసలు మిషను ఎన్క ఉంటది," అన్నాను. వినయంగానే అన్నాను.

ఆమె నావైపు ఒకసారి చూసి, "గట్లనా," అని వెనక్కు నడిచింది. తడి పసుపుతో బొటనవేలంత పట్టు వేసి, దాని మీద నిండుగా కుంకుమ అద్దింది. ఎక్కడ అద్దాలో నేను చెప్పలేదు. మరమేకు కనిపించిన చోటే ఆమె చెయ్యి వెళ్తుంది, అది నాకు తెలుసు. సీలు కాగితం మీద పసుపు నీళ్లు పాకి అక్షరాలు కలిసిపోయాయి. సాయంత్రం జమ్మి ఆకు, సోనం అని మరాఠీవాళ్లు పంచే ఆకు, రెండూ పెట్టి ఆమె కాళ్లకు దండం పెట్టాను. ఆ ఏడు పెట్టినంత భక్తిగా ఎప్పుడూ పెట్టలేదు.

శనివారం నాగపూర్ మనిషి వచ్చాడు. పేరు సారయ్య, సొంతూరు సిరొంచ అట, తెలుగులోనే మాట కలిపాడు, వదినా అనడానికి మాత్రం మరాఠీలో వహినీ అన్నాడు. టీవీని గోడ వైపు నుంచి తిప్పాడు. వెనక సీలు చూశాడు. నేను ముఖం వీలైనంత అమాయకంగా పెట్టుకుని నిలబడ్డాను. ఆయన వంగి, దాన్ని వేలితో తాకి, ఆ వేలు కళ్లకద్దుకున్నాడు.

"దసరా పూజ మంచిగ చేసిన్రు వహినీ."

"మరి సీలు పాడైంది గద అన్నా," అన్నాను. "పాడైతె చెల్లదని కార్డుల రాసుంది."

"గా రాసినాయిన ఇంట్ల గూడ దసరా నాడు గిట్లనే చేస్తరు. పండుగ దాటినంక నేను జూసే టీవీలన్నిటి మీద బొట్టే ఉంటది. గిది చెల్లదంటే ఇగ నా నౌకరీనే చెల్లది."

అత్తమ్మ సంతోషించి ఆయనకు రెండోసారి టీ పెట్టమంది. పెట్టాను. మేం ఒకే దేవుళ్లకు మొక్కేవాళ్లమని లెక్కలో వేసుకోలేదు, అదే నా తప్పు.

ఆయన మూత విప్పి, లోపల ఏదో కాలిపోయిందని వాసన చూసి మరీ చెప్పాడు. ఆ ముక్క నాగపూర్‌లో లేదు, బొంబాయి నుంచి రావాలి. వచ్చే వారం రావచ్చు, దీపావళి దాటనూ వచ్చు. ఎప్పుడొచ్చినా చెప్పకుండానే వస్తానని, ఇల్లు మాత్రం తెరిచి ఉంచమని చెప్పి మూత బిగించి కొత్త సీలు అంటించాడు. దాని మీద కూడా అత్తమ్మ చిన్న బొట్టు పెడితే కాదనలేదు.

నాకు ఆ క్షణంలో గోడలు దగ్గరికి జరిగినట్టయింది. వచ్చే వారమని, దీపావళి అని, ఆ తర్వాత ఇంకేదో పండగ అని కిటికీ దగ్గర కూర్చున్న నేను నాకే కనిపించాను. బల్లార్షా పిల్ల మూడో తరగతి బోర్డు మీద తేదీ రాస్తూ కనిపించింది.

సారయ్య చీటీ రాస్తూ అడిగాడు. "అడ్రసు గిదేనా? టీవీని ఇంకో తావుకు మారిస్తె మాకు జెప్పాలె వహినీ. చెప్పకుంటె మాత్రం నిజంగనే చెల్లది."

ఆ షరతు నేను కార్డులో ఎన్నోసార్లు చదివాను. ఇల్లు ఖాళీ చేసేవాళ్ల కోసం రాశారనుకుని దాటేశాను.

"దుకాణంల వెడ్తె దుకాణానికొస్తరా?"

"యాడికన్న వస్తం. పది నుంచి ఐదు దాక మనిషుంటె సాలు."

పది నుంచి సాయంత్రం దాకా కదలకుండా ఒకచోట కూర్చునే ఇంటి మనిషి ఇంకొకరు ఉన్నారు. ఇన్నాళ్లూ నేను ఆయనకు అన్నం వడ్డిస్తూ కూడా గమనించలేదు. గోల్ బజారు, స్టీలు సామాన్ల దుకాణం, సోమవారం నుంచి అని రాయించాను. అత్తమ్మ తమలపాకుకు సున్నం రాస్తూ అంతా విన్నది. ఆకు మడిచి నోట్లో పెట్టుకుంది.

ఆదివారం రాత్రి అన్నం దగ్గర మా ఆయనకు ఒక అవకాశం ఇచ్చాను. సారయ్య వచ్చాడనీ, ముక్క రావాలనీ వినగానే ఆయన ముఖం వెలిగింది. చూశావా, కాగితం ఊరికే పోలేదు కదా అన్నాడు. రేపు బడి తెరుస్తారని గుర్తుచేశాను.

"దీపావళి దాటినంక వస్తనని సాలోమోను సారుకు జెప్పు. ఆయన మంచోడే."

"మంచోడే. గని ఇంకో పిల్ల ఉన్నది గద."

"ఇంకో బడి గూడ ఉంటది. గ్యారంటీ పోతె మల్ల వస్తదా?"

అత్తమ్మ చెయ్యి కంచంలో ఆగింది. కొడుకు ముఖం కాసేపు చూసి, పెరుగు ఇటు జరుపమంది.

సోమవారం ఆయన దుకాణానికి వెళ్లాక నేను కాటన్ చీర కట్టుకున్నాను. టీవీని దుప్పట్లో చుట్టి, మంగతాయి ఒక పక్క పడితే నేనొక పక్క పట్టి ఆటోలోకి ఎక్కించాం. అత్తమ్మ జివతి బస్సుకు ఎలాగూ బయల్దేరింది. మూట కాళ్ల దగ్గర పెట్టుకుని, ఆసుపత్రి నుంచి బాలింతను తెస్తున్నంత జాగ్రత్తగా టీవీని పట్టుకు కూర్చుంది. దుకాణం ముందు దిగి, బిందెల వరుసకూ డ్రమ్ముల వరుసకూ మధ్య దాన్ని నిలబెట్టి, తెల్లటి గుడ్డ కప్పాను.

మా ఆయన గల్లా దగ్గర నుంచి లేచి వచ్చాడు.

"గిదేంది?"

"టీవీ. దాని అడ్రసు మారింది. కంపెనీల గూడ రాయించిన. నాగపూర్ మనిషి ఇగ గీన్నే వస్తడు."

"గీడికెందుకే? ఇంట్ల ఉంటె ఏమైతుండె?"

"ఇంట్ల మనిషి ఉండది. నువ్వెట్లనూ గీన్నే కూసుంటవు."

ఆయన టీవీని చూశాడు, నన్ను చూశాడు, సహాయం కోసం వాళ్ల అమ్మను చూశాడు. "అవ్వా, నేను బువ్వకు ఇంటికి రావద్దా? మాలు తేను పోవద్దా?"

"పోరాదు బిడ్డా, ఎవలద్దన్నరు," అంది అత్తమ్మ. "టీవీ బాగైనంక పో."

ఆయన టీవీ మీద గుడ్డ అంచు సర్దాడు. తర్వాత నా వైపు తిరిగి, కొంచెం మెల్లగా అడిగాడు. "ఒక్క గంట దుకాణం బంద్ వెడ్తె ఏమైతది?"

"కంప్లైంటు కొట్టేస్తరు," అని, టీవీ మీద ఆయన టిఫిన్ డబ్బా పెట్టి బడికి నడిచాను.

సాలోమోను సారు నా చేతికి సుద్దముక్క ఇచ్చాడు. బోర్డు మీద తేదీ నేను రాశాను. మూడో తరగతి పిల్లలు నేను ఎన్నాళ్లుంటానని అడిగారు. గ్యారంటీ ఏమీ ఇవ్వలేదు.

సాయంత్రం బజారు మీదుగా తిరిగొచ్చాను. మా ఆయన స్టూలు వేసుకుని టీవీ పక్కనే కూర్చున్నాడు. వీధిలో స్కూటరు ఆగితే చాలు, సగం లేస్తున్నాడు. డబ్బా ఖాళీగా ఉంది. గుడ్డ మీద నుసి ఆయనే దులిపినట్టున్నాడు. ఎవరో ఆవిడ ఒక బిందె చేతిలో తిప్పి చూస్తూ, దీనికి గ్యారంటీ ఏమైనా ఉందా అని అడుగుతోంది.

ఈసారి ఆయన నవ్వలేదు.