డీట్స్‌తో కట్టిన జోడీ

అమెరికాలోని హార్మన్ ఫాల్స్ అనే చిన్న ఊళ్లో ఎర్లింగ్ బ్రెక్కె ఇరవై ఏళ్లు వకీలు. మందుల షాపు మీది మేడగదిలో కూర్చుని కంచె తగాదాలు తీర్చేవాడు, వీలునామాలు రాసేవాడు. తర్వాత పన్నెండేళ్లుగా రాష్ట్ర సెనేటర్. ఆయన ఉపన్యాసం మొదలుపెడితే ముందు వరుసలో కూర్చున్న సొంత పార్టీ వాళ్లే ఆవలించేవాళ్లు. అయినా మూడుసార్లు గెలిచాడు. మాటిచ్చి తప్పిన మనిషి కాడని నార్వే నుంచి వచ్చి ఆ ఊళ్లో స్థిరపడ్డ రైతులందరికీ తెలుసు. ఆ రైతులకు గొప్ప మాటకారులంటే ఎప్పుడూ అనుమానమే.

1955 మార్చిలో ఆ ఊరి టీచర్ల కాలేజీ మూసేయాలని సెనేట్‌లో బిల్లు పెట్టారు. భార్య పోయాక ఎర్లింగ్ చెల్లెలు ఇంగెబోర్గ్‌తో కలిసి ఉంటున్నాడు. ఆవిడ ఆ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతోంది. యాభై నాలుగేళ్లు, పెళ్లి లేదు, వేరే పని తెలియదు. కాలేజీ పోతే ఆవిడకేమీ మిగలదు. అన్నాచెల్లెళ్లిద్దరికీ ఆ సంగతి తెలుసు. ఇద్దరూ దాని గురించి ఒక్క మాటా అనుకోలేదు.

ఆ సెనేట్‌లో ఒక ఆచారం ఉంది. ఎవరైనా జబ్బు పడితే ఎదుటి పార్టీ సభ్యుడొకడు అతనితో జోడీ కడతాడు. అతను మంచం దిగేదాకా, తామిద్దరూ చెరో వైపుండే బిల్లు మీద తనూ ఓటు వేయడు. కాగితం లేదు, సంతకం లేదు, మాటే. జనవరిలో ఎదుటి పార్టీలోని స్నేహితుడు వాల్టర్ డీట్స్‌కు పక్షవాతం వచ్చినప్పుడు ఎర్లింగ్ ఆసుపత్రికి వెళ్లి ఆ మాట ఇచ్చాడు. జబ్బు పడకముందు కాలేజీ మూసేయాలని బల్లగుద్ది వాదించినవాడు ఆ డీట్సే.

ఓటింగ్ రోజు గుమాస్తా పేర్లు చదివాడు. ఎర్లింగ్ లేచి నిలబడ్డాడు.

"నాకు సెనేటర్ డీట్స్‌తో జోడీ ఉంది. ఆయన ఉంటే అవునంటారు. నేను కాదంటాను. కాబట్టి ఓటు వేయడం లేదు."

అవును పదహారు, కాదు పదిహేను. ఆయన కాదని ఉంటే సరిసమానమై బిల్లు పడిపోయేది. పక్క సీటు సభ్యుడు చెవిలో, "ఏం మనిషివయ్యా, మంచంలో ఉన్నవాడు చూడొస్తాడా!" అన్నాడు. ఎర్లింగ్ కాగితాలు సర్దుకున్నాడు. బాధ కలగాలి కదా అనుకున్నాడు గానీ ఏమీ కలగలేదు. చలికి మొద్దుబారిన వేళ్లలా ఉంది లోపలంతా.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లాడు. డీట్స్ నోరు ఒకవైపు జారిపోయింది, మాట ముద్దగా వస్తోంది.

"బిల్లు నెగ్గింది వాల్టర్."

"నెగ్గిందా? నువ్వెటు వేశావు?"

"వేయలేదు. జోడీ కదా."

డీట్స్ దిండు మీంచి తల ఎత్తాడు. "ఒరేయ్ పిచ్చోడా! నీ చెల్లెలు అక్కడే కదా పాఠాలు చెప్పేది?"

"అవును."

"మరి నన్ను అడగలేదేం? ఫోన్ చేసి 'వాల్టర్, ఈ ఒక్కదానికి నన్ను వదిలెయ్' అంటే వదిలేసేవాణ్ణి కాదూ! అందరూ అడుగుతారురా. ఆ ఆచారమూ ఉందిగా!"

"నీకు ఒంట్లో బాలేదు. ఇబ్బంది పెట్టడం ఎందుకని..."

"ఇబ్బందా? రోజంతా పైకప్పు చూస్తూ పడున్నాను. ఎవడైనా ఏదైనా అడిగితే బాగుండునని చచ్చిపోతున్నా."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. హార్మన్ ఫాల్స్ వాళ్లు అమ్మను కూడా అడగరు. కాఫీ కావాలా అంటే మూడుసార్లు వద్దని నాలుగోసారి తాగుతారు. ఆ మొహమాటాన్నే మర్యాద అనుకుంటారు. ఊళ్ల వెంట తిరిగి వేలమందిని ఓట్లడిగిన మనిషికి, స్నేహితుణ్ణి ఒక్క మాట అడగడానికి నోరు రాలేదు.

సాయంత్రం ఇంటికి చేరాడు. ఇంగెబోర్గ్ ఉడికించిన బంగాళాదుంపలు, చేప బల్ల మీద పెట్టింది. బిల్లు కబురు రేడియోలో ముందే విన్నది. ఆయన డీట్స్ అన్నదంతా పొల్లుపోకుండా చెప్పేశాడు. దాచడం ఆయనకు చేతకాదు.

"అడిగితే వదిలేసేవాడా?" అంది.

"వదిలేసేవాణ్ణే అన్నాడు."

ఆవిడ ఫోర్కు పక్కన పెట్టింది. "పోయిన వారమంతా నేనూ నిన్ను అడుగుదామనుకున్నాను అన్నయ్యా. ఇచ్చిన మాట తప్పి అయినా సరే, నాకోసం ఓటు వెయ్యమని. రోజూ పొద్దున కాఫీ పోస్తూ అనుకునేదాన్ని."

"అడగాల్సింది."

"అడిగితే వేసేవాడివా?"

ఎర్లింగ్ వెంటనే అవునందామనుకున్నాడు. కానీ అబద్ధం ఆడడం కూడా ఆయనకు చేతకాదు. చేప ముళ్లు ఏరడం మొదలుపెట్టాడు.

ఇంగెబోర్గ్ బంగాళాదుంపల గిన్నె ఆయన వైపు జరిపింది.

"తిను, చల్లారిపోతుంది," అంది. తన పళ్లెం తీసుకుని వంటగదిలోకి వెళ్లి, నిలబడే తినడం మొదలుపెట్టింది.